ఫ్యాన్ అదురుకు హార్డ్ డిస్కు పోతుందా? కొలిచి చూసిన నెల రోజుల డైరీ

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే మా బావమరిది తెనాలి నుంచి దిగాడు. చేతిలో దుప్పటి చుట్టిన సీపీయూ. "బస్సులో ఒళ్ళోనే పెట్టుకొచ్చా బావా, కింద పెట్టలేదు" అన్నాడు, పసిపిల్లను తెచ్చినట్టు.

వాడిది పెళ్ళి ఫోటోల స్టూడియో. లోపల రెండు 4 టీబీ డిస్కులు ఉండేవి. ఫిబ్రవరిలో ఒకటి పోయింది. దాంతో పాటు రెండు పెళ్ళిళ్ళ వీడియోలూ పోయాయి. అక్కడి రిపేరు షాపులో చూసినాయన ఒక్క ముక్కలో తేల్చేశాడట: "ముందున్న ఫ్యాన్ అదురుతోంది, ఆ అదురుకే లోపల హెడ్లు గీసుకుపోయాయి." హెడ్లంటే తిరిగే పళ్ళెం మీద డేటా చదివే, రాసే చిన్న భాగాలు. ఫ్యాన్ పీకి చేతిలో పెట్టి పంపాడు. ఇప్పుడు రెండో డిస్కు కూడా మధ్యమధ్యలో బిగుసుకుపోతోందని వీడి భయం. "ఫ్యాన్ తీసేశాం కదా బావా, ఇంకా ఎందుకు?"

ఆ పీకేసిన ఫ్యాన్ కూడా సంచిలో వేసుకొచ్చాడు. వేలితో తిప్పితే బుష్ అరిగి గరగరమంటోంది. అదిరే మాట నిజమే. కానీ దానికే డిస్కు పోతుందా? ఇన్నేళ్ళుగా కంప్యూటర్లు విప్పుతున్నాను గానీ, ఈ సంగతి ఎవరైనా చెప్పగా విన్నానే తప్ప ఎప్పుడూ కొలవలేదు. ఈ నెల పని ఇదే.

ముందు డేటా. ప్రయోగాలు తర్వాత. మిగిలిన డిస్కును కొత్త డిస్కులోకి కాపీకి పెట్టాను. అరగంట గడిచాక వేడి చూస్తే 57 డిగ్రీలు. గదిలో 33 ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో, అది పుట్టిన దగ్గర్నుంచి చూసిన గరిష్ఠ వేడి 63 అని ఉంది. దాని కాగితంలో రాసిన హద్దు 60. ఫ్యాన్ లేని డబ్బాలో, తెనాలి ఎండలో, ఇంకెంత ఉంటుంది? మా టేబుల్ ఫ్యాన్ తెచ్చి డబ్బా మూత తీసి దాని మొహాన పెట్టాను. పావుగంటలో 44కి దిగింది.

మార్చి 10

రాత్రంతా కాపీ నడిచి తెల్లారేసరికి అయిపోయింది. ఒక్క ఫైలూ పోలేదు. ఫోన్ చేసి చెబితే "అమ్మయ్య" అని రెండుసార్లు అన్నాడు.

ఇప్పుడు తీరిగ్గా స్మార్ట్ రిపోర్టు. 5వ వరుస, అంటే పాడై పక్కన పెట్టిన సెక్టర్లు (డేటా రాసే చిన్న గళ్ళు): సున్నా. 197, అనుమానంలో ఉన్నవి: సున్నా. 198 కూడా సున్నా. డిస్కు పళ్ళెం మీద దెబ్బ తగిలిన జాడే లేదు. కానీ 199వ వరుసలో 1,412. అది డిస్కు తప్పు కాదు. డిస్కుకీ బోర్డుకీ మధ్య తీగలో డేటా చెడి మళ్ళీ పంపాల్సి వచ్చిన లెక్క. సాటా కేబుల్ చూస్తే కొస దగ్గర క్లిప్పు విరిగి, పక్క మూత ఒత్తిడికి వంగి వేలాడుతోంది. మధ్యమధ్యలో బిగుసుకుపోవడానికి కారణం ఇదీ, ఆ వేడీ అని నా లెక్క. 60 రూపాయల కేబుల్ మార్చాను. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు.

ఒక పక్క మాట. షాపాయన వీడికి రిపోర్టులో మొదటి వరుస చూపించి "చూడు, పదహారు కోట్ల రీడ్ ఎర్రర్లు" అని బెదరగొట్టాడట. ఇది సీగేట్ డిస్కు. ఈ కంపెనీ డిస్కుల్లో 1, 7 వరుసల ముడి అంకె ఒక్క సంఖ్య కాదు. 48 బిట్లలో పై 16 బిట్లు తప్పుల లెక్క, కింది 32 బిట్లు మొత్తం ఎన్నిసార్లు చదివిందన్న లెక్క. 32 బిట్లంటే సుమారు 429 కోట్లు. అంకె అంతకు లోపు ఉందంటే తప్పులు సున్నా అనే అర్థం. పదహారు కోట్లూ పదహారు కోట్లసార్లు సరిగ్గా చదివిన లెక్కే. పోయిన డిస్కు గురించి మాత్రం నేనేమీ చెప్పలేను. తిప్పితే టక్ టక్ మంటోంది, రిపోర్టు ఇవ్వడం లేదు.

మార్చి 12

కొలిచే ముందు ఏం కొలవాలో తెలియాలి కదా. సాయంత్రం కాగితం మీద లెక్కలు వేశాను.

డిస్కులో అంగుళం వెడల్పులో లక్షల ట్రాక్‌లు, అంటే డేటా రాసే గుండ్రటి దారులు, ఉంటాయి. 4 లక్షలనుకుంటే ఒక్కో ట్రాక్‌కి వచ్చే చోటు 63 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో వెయ్యికి పైగా పడతాయి. హెడ్డు పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలి మీద తేలుతూ, ఆ సన్నటి దారి వెంట పోవాలి. ఇది తెలిశాక ఎవరికైనా అదురంటే భయమే.

ఇప్పుడు ఫ్యాన్ లెక్క. నిమిషానికి 1,200 చుట్లంటే సెకనుకి 20. ఆ ఊపు భూమ్యాకర్షణలో యాభయ్యో వంతు, అంటే 0.02 జీ అనుకుందాం. 20 హెర్ట్జ్ దగ్గర ఆ ఊపుకి డబ్బా అటూ ఇటూ కదిలేది దాదాపు 12 మైక్రాన్లు. ఒక్కో ట్రాక్ 63 నానోమీటర్లయితే, డబ్బా దాదాపు రెండు వందల ట్రాక్‌ల దూరం ఊగుతోందన్నమాట! మరి ఒక్క ఫైలయినా ఎలా చదువుతోంది?

ఎలాగంటే, పళ్ళెమూ హెడ్డూ ఒకే డబ్బాలో కలిసి ఊగుతాయి. లెక్కలోకి వచ్చేది వాటి మధ్య తేడా ఒక్కటే. హెడ్డు చేయి తన ఇరుసు మీద రెండు పక్కలా సమంగా తూగేలా చేసి ఉంటుంది కాబట్టి, డబ్బా నిలువునా అడ్డంగా ఊగితే చేయి తిరగదు. డబ్బా మెలి తిరిగినట్టు ఊగితేనే చిక్కు. డబ్బా తిరుగుతుంది, చేయి ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఖరీదైన నాస్ డిస్కుల్లో (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెల్లో చాలా డిస్కులు పక్కపక్కనే నడిచేందుకు చేసినవి) అదురును పసిగట్టే సెన్సర్లు పెట్టేది ఈ మెలి ఊపు కోసమే.

ఆ తేడాని కూడా డిస్కు ఊరికే వదలదు. ఒక్కో చుట్టులో వందల చోట్ల గుర్తులు చదివి, పక్కకు జరిగితే వెంటనే సర్దుకుంటుంది. నెత్తి మీద బిందె పెట్టుకుని నడిచే మనిషి లాగ. నెమ్మదిగా ఊగితే మెడతో సర్దుకుంటూ పోతుంది, ఉన్నట్టుండి కుదిపితే నీళ్ళు ఒలుకుతాయి. ఫ్యాన్ ఊపు సెకనుకి 20, 30. డిస్కుకి అది చాలా నెమ్మది. వందల నుంచి వేల హెర్ట్జ్‌లో వచ్చేవే దానికి కష్టం.

అందుకే అరుపులకి ఉలిక్కిపడుతుంది. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు డిస్కుల అరల ముందు నిలబడి గట్టిగా అరిస్తే, వాటి ఆలస్యం గ్రాఫులో నిట్టనిలువుగా లేచింది. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్లో అగ్నిమాపక గ్యాసు వ్యవస్థను పరీక్షిస్తుంటే, గ్యాసు దూసుకొచ్చిన మోతకే డిస్కులు దెబ్బతిని బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. చెవులు చిల్లులు పడే ఆ మోత ఎక్కడ, మన ఫ్యాన్ గుయ్యిమనడం ఎక్కడ.

మార్చి 16, ఆదివారం

కొలత మొదలు. పొద్దున అనుకున్నంత సులువుగా లేదు.

మొదట ఫోన్‌నే డిస్కు అర మీద పెట్టి ఫోన్ సెన్సర్ల కొలతలు చూపించే ఫైఫాక్స్ యాప్‌తో చూశాను. గ్రాఫులో 20 దగ్గర ఫ్యాన్ మొన కనబడింది, బాగుంది. కానీ 80 హెర్ట్జ్ దగ్గర ఇంకో మొన. 80 అంటే నిమిషానికి 4,800 చుట్లు. ఆ వేగంతో తిరిగేది ఈ డబ్బాలో ఏదీ లేదు. ఎస్ఎంపీఎస్, అంటే కరెంటు సరఫరా పెట్టె, ఫ్యానా? ఆపి చూశాను, మొన అలాగే ఉంది. గంటసేపు తల పట్టుకున్నాక వెలిగింది. నా ఫోన్ ఆ యాప్‌కి సెకనుకి 200 కొలతలే ఇస్తోంది. అలాంటప్పుడు 100 దాటిన ఊపులు అద్దంలో లాగ వెనక్కి మడిచి కనబడతాయి. డిస్కు 7,200 చుట్లు, అంటే 120 హెర్ట్జ్. 200లోంచి 120 తీస్తే 80. దయ్యం కాదు, డిస్కే.

ఫోన్ పక్కన పెట్టి, నా సామాన్లలో పడున్న ఎంపీయూ 6050 అనే అదురు కొలిచే సెన్సర్ బోర్డు తీసి, ఈఎస్‌పీ 32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపాను. ఇది సెకనుకి వెయ్యి కొలతలు ఇస్తుంది. మెత్తటి ఫోమ్ టేపుతో అంటిస్తే సెన్సర్ తనంతట తనే టేపు మీద ఊగి తప్పుడు మొనలు చూపించింది. పీకేసి, ఒక్క చుక్క ఫెవిక్విక్‌తో నేరుగా అర రేకు మీద అంటించాను. ఇప్పుడు 20, 120 రెండూ ఎక్కడుండాలో అక్కడ సూదుల్లా నిలబడ్డాయి.

బావమరిది డిస్కుతో ఆటలాడను. నా దగ్గర పాత 1 టీబీ డిస్కులు రెండున్నాయి, పోయినా ఏడ్చేవాళ్ళు లేరు. వాడి డబ్బాలో వాటిని బిగించాను.

మార్చి 22

వారం రోజుల రాత్రుల కొలతలు. అన్నీ డిస్కు అర మీద, అదే చోట.

నా దగ్గరున్న మంచి ఫ్యాన్ 1,200 మీద: 0.004 జీ. సెన్సర్ సొంత గోలలోంచి దాన్ని ఏరుకోవడమే కష్టమైంది. వాడి అరిగిన ఫ్యాన్, అదే వేగం: 0.02 జీ. ఐదు రెట్లు. చెయ్యి పెడితే తెలిసేంత. డిస్కులు రెండూ తిరుగుతుంటే వాటి 120 హెర్ట్జ్ ఊపు: 0.03 జీ. ఇది రాసుకుని రెండోసారి కూడా కొలిచాను. అరిగిపోయిన ఫ్యాన్ కంటే ఆరోగ్యంగా ఉన్న డిస్కులే అరను ఎక్కువ అదిరిస్తున్నాయి.

రెండు డిస్కులూ కలిసి వూ... వూ... అని ఒక మూలుగు కూడా పెడతాయి, కొన్ని సెకన్లకోసారి ఎక్కుతూ దిగుతూ. రెండింటి వేగంలో రవ్వంత తేడా ఉంటుంది కదా, శ్రుతి పూర్తిగా కలవని రెండు తంబురా తీగల్లాగ. చాలామంది ఆ మూలుగు ఫ్యాన్‌దే అనుకుంటారు. నేనూ అనుకునేవాణ్ణి.

తర్వాత ఫ్యాన్‌ని కావాలనే చెడగొట్టాను. జేబు త్రాసు మీద సరిగ్గా 1 గ్రాము ఎమ్-సీల్ తూచి, ఒక రెక్క కొస దగ్గర అంటించాను. లెక్క చెబుతాను: ఇరుసుకి 5 సెంటీమీటర్ల దూరంలో 1 గ్రాము, 1,500 చుట్ల మీద తిరిగితే, అది లాగే బలం 125 గ్రాముల బరువంత. వేగం సగం చేస్తే బలం పావు వంతే. రెక్క మీద పేరుకున్న దుమ్ము ఒక ముద్ద ఊడినా ఇదే కథ, కాకపోతే అది గ్రాములో పదో వంతు కూడా ఉండదు. స్విచ్ వేయగానే డబ్బా మిక్సీలాగ గొణిగింది. కొలత 0.09 జీ. మాన్యువల్లో ఇలాంటి డిస్కులు నడుస్తూ తట్టుకునే ఊపు తక్కువ హెర్ట్జ్‌లో పావు జీ, ఆ పైన అర జీ దాకా రాసి ఉంటుంది. ఇంత చెడగొట్టినా హద్దుకి దూరంగానే ఉన్నాం.

వేగం మెల్లగా పెంచుకుంటూ పోతే మాత్రం ఒక చోట కథ మారింది. 1,740 దగ్గర, అంటే 29 హెర్ట్జ్, అర మొత్తం ఊయల ఎక్కింది. 0.26 జీ. పావు జీ దాటింది! 1,900కి పెంచితే మళ్ళీ తగ్గింది. ఎందుకా అని అర విప్పి చూస్తే, డిస్కులకి ఒక పక్కనే రెండేసి స్క్రూలు. రెండో పక్క గాల్లో. అర కూడా డబ్బా అడుగుకి రెండు రివెట్లతో వేలాడుతోంది. డబ్బా బిగించినవాడి బద్ధకం అది. రెండో పక్క స్క్రూలు వేసి, అరకీ అడుగుకీ మధ్య ఒక ఎల్-క్లాంపు బిగించాను. అదే ఫ్యాన్, అదే ఎమ్-సీల్, అదే 1,740: 0.1 జీ. 12 రూపాయల క్లాంపు.

మార్చి 23, ఆదివారం

అదురు కొలిచాను సరే, డిస్కుకి నొప్పి తెలుస్తోందా? దీనికి ఎఫ్ఐఓ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రాం వాడాను. డిస్కు రాత క్యాష్ (రాయాల్సినవి ముందు దాచుకునే మెమరీ) ఆపేసి, ఖాళీ డిస్కు మీద 4 కేబీ ముక్కల్ని అక్కడక్కడా రాయిస్తూ, ఒక్కో రాతకి ఎంత సేపు పట్టిందో పది నిమిషాల చొప్పున పట్టాను. సగటు చూస్తే ఏమీ తెలియదు. తోకలో, అంటే అన్నిటికంటే ఆలస్యమైన రాతల్లో చూడాలి. ఎందుకంటే హెడ్డు దారి తప్పిందని డిస్కుకి అనుమానం వస్తే, పక్క ట్రాక్ మీద రాసి చెడగొట్టకుండా రాత ఆపేస్తుంది. మళ్ళీ అదే చోటు కిందికొచ్చే దాకా ఒక పూర్తి చుట్టు ఆగాలి. 7,200 చుట్ల డిస్కుకి అది 8.33 మిల్లీసెకన్లు. చదవడంలో ఇంత పట్టింపు ఉండదు.

ఫ్యాన్ లేకుండా: వెయ్యి రాతల్లో 3 ఇలా ఆలస్యమయ్యాయి. మంచి ఫ్యాన్‌తో: 3. అరిగిన ఫ్యాన్‌తో: ఒకసారి 3, ఇంకోసారి 4. తేడా లేదనే రాసుకున్నాను. ఎమ్-సీల్ ఫ్యాన్, వదులు అర, 1,740: వెయ్యికి 11. బిగించిన అరతో: 4. ఫ్యాన్ ఆపేసి, పక్క డిస్కుని విచ్చలవిడిగా వెతికిస్తే: 9. పక్క డిస్కు హెడ్డు అటూ ఇటూ విసురుగా తిరగడం ఉంది చూశారూ, అది అచ్చంగా మెలి ఊపే.

బల్ల మీద పిడికిలితో ఒక్కటి గుద్దాను: ఒక రాత 380 మిల్లీసెకన్లు పట్టింది. ఇక ఉండబట్టలేక మూత తీసి, జానెడు దూరంలోంచి "ఒరేయ్" అని గట్టిగా అరిచాను. వంద మిల్లీసెకన్లు దాటిన రాతలు నాలుగు. పక్కింటి పిన్నిగారు తలుపు తట్టి "ఏమైంది బాబూ" అన్నారు. డిస్కుని తిడుతున్నానని చెప్పలేదు.

ఇన్ని హింసలు పెట్టాక పాత డిస్కుల రిపోర్టు మళ్ళీ తీశాను. 5, 197, 198: మొదట్లో ఉన్నవే. రెండు డిస్కులతో వారం రోజుల పరీక్ష జీవితకాలం గురించి ఏమీ చెప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఫ్యాన్ అదురు హెడ్డుని పళ్ళేనికి రాపిడి పెట్టే ముందు, దానికంటే చాలా ముందు, పని నెమ్మదిస్తుంది. అరిగిన ఫ్యాన్‌తో ఆ నెమ్మదింపే నాకు కనబడలేదు.

మార్చి 29

రేపు ఉగాది. ఇంట్లో మామిడాకులు కడుతుంటే నేను సైకిల్ ట్యూబు కోస్తున్నాను.

డిస్కుని రబ్బరు మీద వేలాడదీస్తే అదురే తగలదని చాలామంది చేస్తారు కదా, అదీ చూద్దామని. ట్యూబు ముక్కలతో డిస్కుని ఉయ్యాలలా కట్టాను. శబ్దం నిజంగానే చచ్చింది, ఇంట్లోవాళ్ళు మెచ్చుకున్నారు. ఆలస్యాలు మాత్రం 3 నుంచి 7కి పెరిగాయి, ఫ్యాన్ ఆపి ఉండగానే. హెడ్డు చేయి విసురుగా ఒక పక్కకి తిరిగితే డిస్కు ఒళ్ళు రెండో పక్కకి తిరుగుతుంది. గట్టిగా బిగిస్తే ఆ విసురుని డబ్బా మోస్తుంది. ఉయ్యాలలో అయితే మోసేవాళ్ళు లేరు. ట్యూబులు విప్పేసి, అవే ముక్కల్ని ఫ్యాన్ మూలల కింద వాషర్లుగా వేశాను. రబ్బరు ఉండాల్సిన చోటు అది.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పానకం తాగి తెనాలి బయల్దేరాను, ఈసారి డబ్బా నా ఒళ్ళో. కొత్త ఫ్యాన్ 900 మీద, రెండు డిస్కులకీ నాలుగేసి స్క్రూలు, కొత్త కేబుళ్ళు. ఇంట్లో గంటసేపు కాపీ చేస్తే 41 డిగ్రీలు దాటలేదు. 199వ వరుస ఇంకా 1,412 దగ్గరే ఉంది.

సెన్సర్ కూడా పట్టుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో తెలీదు, అలవాటైపోయింది. స్టూడియోలో డబ్బా దాని పాత చోట, బల్ల మీద పెట్టి, లాప్‌టాప్‌లో గీత చూస్తున్నాను. ఫ్యాన్ 0.003, అంతా ప్రశాంతం. ఉన్నట్టుండి గీత పైకి ఎగిరి 0.7 కొట్టింది. మళ్ళీ ఇంకోటి. ఇంకో నాలుగు.

తలెత్తి చూస్తే అదే బల్ల రెండో కొసన కుర్రాడు పాస్‌పోర్ట్ ఫోటోలు కోస్తున్నాడు. పంచ్ మీద అరచేత్తో దబ్, దబ్, దబ్. ఎనిమిది ఫోటోలకి ఎనిమిది దెబ్బలు. రోజుకి ఎంతమంది వస్తారని అడిగితే "స్కూళ్ళు తెరిచే రోజుల్లో యాభై దాకా" అన్నాడు.

నడుస్తున్న డిస్కు ఒక్క క్షణపు దెబ్బకి 70 జీ దాకా ఓర్చుకునేలా చేస్తారు కాబట్టి 0.7కి చచ్చిపోదు. కానీ దబ్‌మన్న ప్రతిసారీ కాపీ వేగం ఒక్క క్షణం సున్నాకి పడి లేస్తోంది, తెర మీద కనబడుతూనే ఉంది. బావమరిది నోరు తెరిచి చూశాడు.

"అయితే ఫ్యాన్ కాదా బావా, వీడా?"

"ఫ్యాన్ మటుకు కాదు. పోయిన డిస్కు ఎందుకు పోయిందో నాకు తెలీదు. నువ్వు ముందు ఆ బల్ల మార్చు."

గోడవారగా పాత ఇనప స్టాండు ఒకటి ఉంటే దాని మీద తువ్వాలు పరిచి డబ్బా పెట్టాం. కేబుల్ పొట్టిదై మానిటర్‌కి అందలేదు. కొత్త కేబుల్ కోసం వీడు బజారుకి వెళ్ళాడు, కుర్రాడు మిగిలిన ఫోటోలు కోస్తున్నాడు, స్టాండు మీద గీత కదలడం లేదు.